రూలు చూడకుండా ఓటు వేసే ఆట: దోస్తుల గ్రూపులో నోమిక్ నడపడం ఎలా

చిన్నప్పుడు అష్టాచెమ్మ ఆడుతుంటే మధ్యలో ఎవడో ఒకడు "మా మేనమామ వాళ్ల ఊర్లో రెండు పడ్డా ఇంకోసారి వేస్తరు" అని అప్పటిదాకా లేని రూలు ఒకటి పట్టుకొచ్చేవాడు, గుర్తుందా? దాన్ని మనం తొండి అనేవాళ్లం. నోమిక్ అనే ఆటలో ఆ తొండే అసలు ఆట. మీ వంతు వచ్చినప్పుడు గవ్వలు వేయరు, ఆట రూలు మార్చాలని ప్రతిపాదిస్తారు, మిగతావాళ్లు ఓటు వేస్తారు, నెగ్గితే రూలు మారిపోతుంది. ఓట్లు ఎలా లెక్కపెట్టాలనే రూలు కూడా ఇలాగే మారొచ్చు. అమెరికాలో ఫిలాసఫీ చెప్పిన పీటర్ సూబర్ అనే ప్రొఫెసర్ దీన్ని తయారుచేశాడు, 1982లో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో వచ్చాక చాలామందికి తెలిసింది. ఆన్‌లైన్‌లో అగోరా అనే నోమిక్ ఆట 1993లో మొదలై ఇప్పటికీ నడుస్తోంది.

మేం ఆరుగురం, నల్గొండలో కలిసి చదువుకున్నవాళ్లం, ఇప్పుడు ఒకడు జడ్చర్లలో, ఒకడు మిర్యాలగూడలో, ఒకడు దుబాయ్‌లో, మిగిలిన ముగ్గురం హైదరాబాద్‌లో. దీన్ని వాట్సాప్ గ్రూపులో ఆడుతున్నాం. మామూలు నోమిక్ కొన్నాళ్లకు కొంచెం చప్పబడింది, అప్పుడు జడ్చర్లవాడు అన్నాడు: రూలు ఏంటో చెప్పకుండా ఓటుకు పెడితే ఎట్లుంటది? అలా మూసి పెట్టే ప్రతిపాదననే మేం కవరు అంటున్నాం. బాగుంటది, కానీ సరిగ్గా కట్టుకోకపోతే రెండు వారాల్లో గ్రూపు మ్యూట్ అయిపోతుంది. మాకు మొదటిసారి అదే జరిగింది. రహస్యం ఎంత ఉన్నా పర్వాలేదు, ఆ రహస్యానికి గడువు, హద్దు మాత్రం అందరి ముందూ ముందే తేలాలి. కింద చెప్పేదంతా దానికోసమే.

ముందు అసలు రూళ్లు చదవండి

సూబర్ ఇచ్చిన మొదటి రూళ్లు 29. వాటిలో 101 నుంచి 116 వరకు గట్టివి, 201 నుంచి 213 వరకు మార్చుకోదగ్గవి. గట్టిదాన్ని నేరుగా మార్చలేరు, ముందు దాన్ని మార్చుకోదగ్గ రూలుగా దించాలి, దానికి ఆటలో ఉన్న అందరూ ఒప్పుకోవాలి. గట్టి రూలుకూ మామూలు రూలుకూ పడకపోతే గట్టిదే నిలబడుతుంది. రెండు మామూలు రూళ్లకు పడకపోతే చిన్న నంబరుది నిలుస్తుంది. కొత్త ప్రతిపాదనల నంబర్లు 301 నుంచి మొదలవుతాయి.

ఆన్‌లైన్‌లో ఆడితే కొన్ని మారతాయి. పాయింట్ల కోసం వేసే పాచిక ఉండదు. ప్రతిపాదన నంబరులోంచి 291 తీసేసి, వచ్చినదాన్ని మీకు పడ్డ అనుకూల ఓట్ల వాటాతో గుణించి, దగ్గరి పూర్ణ సంఖ్యకు సరిచేయాలి. 313వ ప్రతిపాదనకు ఆరింట్లో నాలుగు ఓట్లు వచ్చాయనుకోండి, 22లో మూడింట రెండు వంతులు, అంటే 15 పాయింట్లు. ఓడిపోతే మీకు 10 పోతాయి. 200 చేరినవాళ్లు గెలిచినట్టు.

వంతులు ఇంటిపేరు అక్షర క్రమంలో రావాలని 201 చెబుతుంది. ఇక్కడే మాకు మొదటి లొల్లి. ఏ అక్షరాల క్రమం? ఇంగ్లీషులో అయితే బొమ్మ వాళ్లు చింతల వాళ్ల కంటే ముందు, తెలుగులో అయితే చ తర్వాత ఎప్పుడో బ వస్తుంది. ఇంకా ఒక్క రూలూ మార్చకముందే రెండు రోజులు దీని మీదే నడిచింది. మీరు ఆట మొదలుపెట్టకముందే తేల్చుకోండి, మేం తెలుగు క్రమం పెట్టుకున్నాం. కోడిగుడ్డు మీద ఈకలు పీకడం ఇష్టం లేనివాళ్లను ఆటకు పిలవకండి, ఈ ఆటంతా ఈకలు పీకడమే.

మూసిన కవరు మొదటి రోజే పెట్టకండి

203వ రూలు ప్రకారం మొదటి రెండు చుట్లు ప్రతిపాదన నెగ్గాలంటే అందరూ అవుననాలి. రెండు చుట్లు అయ్యాక దాన్ని ఎవరూ మార్చకపోతే అదే మెజారిటీగా మారిపోతుంది. ఆరుగురు ఉంటే 12 వంతులు, అంటే 301 నుంచి 312 దాకా ఏకగ్రీవం కావాలి. లోపల ఏముందో తెలియని కవరుకు ఆరుగురూ అవుననడం జరిగే పని కాదు, కనీసం మిర్యాలగూడవాడు ఉన్న గ్రూపులో. కాబట్టి కవర్లు 313 నుంచి పెట్టుకోండి. అప్పటిదాకా ఉన్న టైమును కవర్లకు కావలసిన చట్రం కట్టడానికి వాడండి, ఏకగ్రీవం చట్రానికి మంచిదే, తర్వాత "నేను ఒప్పుకోలేదు" అనేవాడు ఉండడు.

చట్రం రూలు రాయడం

మేం చివరికి నిలబెట్టుకున్న రూలు ఇది, కావాలంటే ఉన్నదున్నట్టు వాడుకోండి. ఇందులో హ్యాష్ అంటే రూలుకు వేలిముద్ర లాంటి వరస, దాని సంగతి కింద చెప్తాను.

"వంతు వచ్చిన ఆటగాడు తన ప్రతిపాదనను మూసి పెట్టవచ్చు. దాని పేరు, అది ఏ విషయాన్ని ముట్టుకుంటుందో, ఒక్కసారికి ఎక్కువలో ఎక్కువ ఎన్ని పాయింట్లు మారతాయో, తెరిచే తేదీ, హ్యాష్, ఈ అయిదూ గ్రూపులో చెప్పాలి. మూసిన ప్రతిపాదన కొత్త రూలు పెట్టగలదు, ఉన్న రూలును మార్చలేదు, తీసేయలేదు. మూసి పెట్టడానికి 5 పాయింట్ల డిపాజిట్. తెరిచినప్పుడు బయట చెప్పినదానికీ లోపల ఉన్నదానికీ పొంతన లేకపోతే ఆ రూలు చెల్లదు, డిపాజిట్ పోతుంది, దానివల్ల ఎవరు ఎన్ని పోగొట్టుకున్నారో అన్నీ పెట్టినవాడి పాయింట్లలోంచి తిరిగి ఇవ్వాలి."

ఉన్న రూలును మార్చకూడదని ఎందుకు పెట్టామంటే, మొదటిసారి అది లేదు, ఒకడు కవరులో 204ను, అంటే నెగ్గినదానికి కాదన్నవాళ్లకు పాయింట్లు ఇచ్చే రూలును మార్చేశాడు. పిన్ చేసిన రూళ్ల జాబితాలో 204 పాతదే కనిపిస్తోంది, నిజంగా నడుస్తున్నది వేరేది, మూడు వంతుల పాయింట్లు తప్పు లెక్క. కొత్త రూలు దాగి ఉంటే ఆట, ఉన్న రూలే అబద్ధం చెబితే అది ఆట కాదు.

డిపాజిట్ గురించి మన నల్గొండ వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండలో 480 మంది నిలబడ్డారు, ఫ్లోరైడ్ నీళ్ల బాధ ఢిల్లీకి కనబడాలని. బ్యాలెట్ పేపర్ కాస్తా పుస్తకం అయింది. అప్పట్లో జనరల్ అభ్యర్థి డిపాజిట్ 500 రూపాయలే. అదే సంవత్సరం చట్టం మార్చి దాన్ని 10,000 చేశారు. ఒక్క నల్గొండ వల్లే మార్చారని నేననను, కానీ ఉన్న రూలు లోపలే ఉండి, దాన్ని తెగే దాకా లాగి, ఆ రూలే మారే పరిస్థితి తేవడం అంటే నోమిక్ కాక ఇంకేంటి? మా వాళ్లు ఆ నీళ్లు తాగినవాళ్లు కాబట్టి ఆ ఓటును ఆట అనడానికి నాకు నోరు రాదు గానీ, లెక్క మాత్రం అదే. మా గ్రూపులో డిపాజిట్ లేనప్పుడు ప్రతి ఒక్కడూ వంతు వస్తే చాలు కవరే పడేసేవాడు. 5 పాయింట్లు పెట్టాక మూడు వంతులకు ఒకటి వస్తోంది, అది సరిపోతుంది.

చట్రాన్ని గట్టిది చేయండి

పైన రాసిన రూలు నెగ్గగానే పని అయిపోలేదు. అది మామూలు రూలు, రేపు మెజారిటీ వచ్చాక నలుగురు కలిసి తీసేయగలరు. అందుకని దాన్ని గట్టి రూలుగా ఎక్కించాలి. ఒకే ప్రతిపాదనలో పెట్టడం, ఎక్కించడం రెండూ కలపకండి, అవి రెండు మార్పులు. 301లో పెట్టండి, తర్వాతి వంతువాడు 302లో ఎక్కిస్తాడు. ఎక్కించాక దాని నంబరు కూడా 302 అయిపోతుంది, జాబితాలో 301 కొట్టేయడం మర్చిపోకండి. దాన్ని మళ్లీ దించాలంటే ఎప్పటికైనా ఏకగ్రీవమే.

పెట్టె మనిషిని వెతకండి

కవరులో ఏముందో రాసినవాడికి తప్ప ఎవరికీ తెలియకపోతే అది ఎవరికి తగిలిందో ఎవరు చెప్పాలి? మొదట్లో రాసినవాడినే చెప్పమన్నాం. వేరేవాళ్లకు తగిలితే అరక్షణంలో మెసేజ్, తనకే తగిలితే మాత్రం నెట్ ఉండదు, ఛార్జింగ్ ఉండదు, ఇంట్లో దావత్ ఉంటుంది. కాబట్టి కవర్లు దాచిపెట్టుకునే, ఆడని మనిషి ఒకరు కావాలి, ఆ మనిషినే పెట్టె మనిషి అంటున్నా. మేం దేవరకొండలో ఉండే మా చిన్నమ్మను అడిగాం. రిటైరైన టీచర్, పేపర్లు దిద్దిన అలవాటు, ఎవరి మీదా జాలి లేదు. రాసినవాళ్లు ఆమెకు రూలు పంపుతారు, ఆమె గ్రూపు చూస్తూ తగిలినప్పుడు "ఫలానా అబ్బాయికి తగిలింది, 2 పోయినయ్" అని ఒక్క ముక్క పెడుతుంది. కారణం చెప్పదు. ఎందుకు తగిలిందో కనిపెట్టినవాడికి 4 పాయింట్లు, తప్పు చెబితే 1 పోతుంది. ఇవి చట్రం రూలులో లేవు కదా, 303లో పెట్టుకున్నాం.

ఆమె 24 గంటల్లోపు చెప్పకపోతే ఆ దెబ్బ లెక్కలోకి రాదు. ఈ గడువు లేనప్పుడు పెళ్లికి పోయి వచ్చి నాలుగు రోజుల లెక్క ఒకేసారి పెట్టింది, అప్పుడు 107వ రూలు పట్టుకుని మిర్యాలగూడవాడు పంచాయితీ పెట్టాడు. వెనకటి పనులకు ఏ రూలూ వర్తించదని 107 అంటుంది. రూలు ఓటు అయిన క్షణం నుంచే ఉంది కాబట్టి ఇది వెనకటికి వర్తించడం కాదు, ఆలస్యంగా చెప్పడమే అని నా వాదన. జడ్జి వాడి వైపే తీర్పు ఇచ్చాడు. 212 ప్రకారం వంతు నడుస్తున్నవాడికి ముందు ఆడినవాడే జడ్జి, మిగతా అందరూ ఒక్కమాట మీద ఉంటే తప్ప ఆ తీర్పు తిరగదు. నేను ఇప్పటికీ ఒప్పుకోను, కానీ గడువు పెట్టడం మంచిదే అయింది.

కవరులో రూలు ఎలా రాయాలి

"చేయకూడదు" అని రాయకండి. "చేస్తే ఇంత" అని రాయండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ కాదు. 101వ రూలు అందరూ అన్ని రూళ్లూ పాటించి తీరాలంటుంది. కనిపించని రూలును ఎవరైనా ఎలా పాటిస్తారు? "ఓటు మెసేజ్‌లో సరే అనే మాట వాడకూడదు" అని రాస్తే, వాడిన ప్రతివాడూ 101ని మీరినట్టే, వాడి ఓటే చెల్లదని ఇంకొకడు లేస్తాడు, ఆ ఓటు చెల్లకపోతే ఆ ప్రతిపాదన నెగ్గలేదని ఇంకొకడు. అదే "ఓటు మెసేజ్‌లో సరే అని రాసినవారికి 2 పాయింట్లు తగ్గుతాయి" అని రాస్తే ఎవరూ దేన్నీ మీరలేదు, పాయింట్లు తగ్గాయి అంతే.

రాసినవాడికి ఎలాగూ తెలుసు కాబట్టి ఆ మాట వాడడు. అందుకని తన కవరు వల్ల తనకు పాయింట్లు వచ్చే రూలు పెట్టకూడదని కూడా ఒప్పుకోండి. వేరేవాళ్లకు పోవడం చాలు.

హ్యాష్ తీయడం, తెలుగులో అయితే జర జాగ్రత్త

హ్యాష్ అంటే మీ రూలుకు వేలిముద్ర లాంటిది. రూలు ఉన్న ఫైలును ఎస్‌హెచ్‌ఏ-256 అనే లెక్కలో పెడితే 64 అంకెలు, అక్షరాలు కలిసిన వరస వస్తుంది. ఆ వరసను చూసి రూలును వెనక్కి రాబట్టలేరు, రూలులో ఒక చుక్క మారినా వరస మొత్తం మారిపోతుంది. ఓటుకు ముందు వరసను గ్రూపులో పెడతారు, తెరిచిన రోజు ఫైలు పెడతారు, ఎవరైనా మళ్లీ లెక్క కట్టి చూసుకోవచ్చు. పెట్టె మనిషి మీద నమ్మకం లేక కాదు, ఆమెతో రాసినవాడు కుమ్మక్కయ్యాడన్న మాట రాకుండా.

రూలు చిన్నదైతే ఊహించి పట్టేస్తారు. "సరే అంటే 2 తగ్గుతాయి" లాంటి వాక్యాలు వంద రాసి హ్యాష్ తీసి సరిపోల్చుకునే ఓపిక ఉన్నవాడు మీ గ్రూపులోనూ ఒకడుంటాడు. అందుకే రూలు కింద పనికిరాని ముక్కలు కొన్ని తగిలించండి, ఇరవై అంకెలు కళ్లు మూసుకుని కొట్టినా చాలు. సకినాల లెక్కో, పాత బండి నంబరో పెట్టకండి, దోస్తులకు మీ గురించి అన్నీ తెలుసు.

అసలు ఇబ్బంది తెలుగు టైపింగ్. రూలును మెసేజ్‌గా పంపి, తెరిచే రోజు దాన్ని కాపీ చేసి హ్యాష్ తీస్తే చాలాసార్లు కలవదు. "ఫోన్‌లో" అని రాసేటప్పుడు కొన్ని కీబోర్డులు న తర్వాత కంటికి కనిపించని అక్షరం ఒకటి పెడతాయి, పొల్లు విడిగా కనబడడానికి. ఐత్వం గుర్తు కూడా కంప్యూటర్ లోపల రెండు రకాలుగా రాయొచ్చు, ఒకే కోడ్‌గా లేదా రెండు ముక్కలుగా, తెరమీద మాత్రం తేడా ఉండదు. చివర ఒక ఖాళీ ఎక్కువైనా అంతే. ఈ కారణంగా మేం ఒక నిజాయితీగల రూలును కొట్టేశాం, పాపం దుబాయ్‌వాడు, డిపాజిట్ కూడా పోయింది. కాబట్టి నోట్స్‌లో రాసి టెక్స్ట్ ఫైలుగా సేవ్ చేయండి, ఫైలుకే హ్యాష్ తీయండి, చిన్నమ్మకు ఆ ఫైలే డాక్యుమెంట్‌గా పంపండి, తెరిచే రోజు కూడా ఆ ఫైలే పెట్టండి. మళ్లీ టైపు చేయకండి, తెరిచి సరిదిద్దకండి.

ఇదంతా తలనొప్పి అనిపిస్తే కాగితం మీద రాసి, కవరులో పెట్టి, అతికించిన చోట సంతకం చేసి, ఫొటో తీసి గ్రూపులో పెట్టండి. చిట్టీ పాటల్లో నమ్మకం దీనికంటే తక్కువ కాగితాల మీద నడుస్తోంది.

ఓటుకు ముందు ప్రశ్నలు

111వ రూలు ప్రకారం ఓటుకు ముందు చర్చకు తగినంత టైము ఇవ్వాలి. చూడని దాని మీద ఏం చర్చిస్తారు? మేం ప్రతి ఒక్కరికీ ఒక ప్రశ్న ఇచ్చాం, జవాబు అవును లేదా కాదు మాత్రమే. "ఇది దుబాయ్‌లో ఉన్నవాళ్లకే తగులుతుందా?" "రాత్రిపూట పెట్టే మెసేజ్‌లతో సంబంధం ఉందా?" లాంటివి. తెరిచినప్పుడు జవాబు అబద్ధమని తేలితే పొంతన లేనట్టే, రూలు చెల్లదు. నిజం చెబుతూనే పక్కదారి పట్టించడం మాత్రం ఎవరూ ఆపలేరు, మజా అంతా అక్కడే. ఒకడు తన కవరుకు "పిల్లలమర్రి" అని పేరు పెట్టాడు, ఊడల్లాగా పాయింట్లు పెరుగుతూ పోతాయేమో అని అందరం భయపడి పడగొట్టాం, లోపల చూస్తే ఆదివారం మొదటి మెసేజ్ పెట్టినవాడికి 1 పాయింటు తగ్గుతుంది అంతే.

ఓటు

మామూలు వాట్సాప్ పోల్ పెట్టకండి. ఎవరు ఎటు వేశారో పేర్లతో కనిపిస్తుంది, తర్వాత మార్చుకోవచ్చు కూడా, ముందు వేసినవాళ్లను చూసి మిగతావాళ్లు వేస్తారు. అలాగని పేర్లు ఎప్పటికీ తెలియని ఓటు పెట్టుకుంటే 204 దగ్గర ఇరుక్కుంటారు. ఏకగ్రీవం అక్కర్లేని రోజుల్లో, నెగ్గిన ప్రతిపాదనకు వ్యతిరేకంగా వేసినవాళ్లకు తలా 10 పాయింట్లు ఇవ్వాలని ఆ రూలు. ఎవరు వేశారో తెలియకపోతే 10 ఎవరికిస్తారు? అందుకని ఓట్లు చిన్నమ్మకు విడిగా పంపి, గడువు అయ్యాక ఆమె పేర్లతో సహా ఒకేసారి పెట్టడం సరైన పద్ధతి. గడువు రాత్రి 9 అంటే ఎక్కడి 9 అనేది రాయండి, దుబాయ్ మనకంటే గంటన్నర వెనక. అందరూ ఓటు వేసి తీరాలని 105 చెబుతుంది, వేయనివాడి కోసం ఎన్ని రోజులు ఆగాలో కూడా ముందే పెట్టుకోండి.

ఆ 10 పాయింట్ల సంగతి ఒకసారి ఆలోచించండి. కవరు ఎలాగూ నెగ్గేట్టుంది అనిపిస్తే కాదు అని వేసి 10 కొట్టేయడమే తెలివి. కానీ ఆరుగురిలో నలుగురు అవుననాలి, ముగ్గురు ఒకేలా తెలివిగా ఆలోచిస్తే కవరు పడిపోతుంది, ఎవరికీ ఏమీ రాదు, పెట్టినవాడికి 10 పోతాయి. అందుకే ఓటుకు ముందు రోజు రాత్రి గ్రూపులో అందరూ తెగ మంచివాళ్లైపోతారు, "నేనైతే అవుననే వేస్తున్నా అన్నా" అని. నమ్మకండి.

తెరిచే రోజు

తేదీ రాగానే ఫైలు గ్రూపులో పడాలి, ఇద్దరు వేర్వేరు ఫోన్లలో హ్యాష్ చూడాలి, తర్వాత చిన్నమ్మ మొత్తం దెబ్బల జాబితా పెట్టాలి. కలిస్తే డిపాజిట్ వెనక్కి, రూలు అప్పటినుంచి మామూలు రూలులాగా అందరికీ కనిపిస్తూ నడుస్తుంది, నచ్చకపోతే తీసేయడానికి ఎవరైనా ప్రతిపాదించవచ్చు. 209 ప్రకారం మామూలు రూళ్లు 25 దాటకూడదు, మూసి ఉన్నవి కూడా ఆ లెక్కలోకే వస్తాయి, ఇది మర్చిపోయి మేం 26వది ఓటుకు పెట్టేశాం.

ఆట ముందుకూ వెనక్కూ పోకుండా ఇరుక్కుపోతే కంగారు పడకండి. ఒక పని చట్టబద్ధమో కాదో ఎటూ తేలకపోతే, వంతు పూర్తి చేయలేకపోయిన మొదటివాడే విజేత అని 213 చెబుతుంది. ఈ రూలు చదివిన రోజు నుంచి మిర్యాలగూడవాడు పాయింట్ల కోసం ఆడడం మానేశాడు. ఇప్పుడు వాడిది ఒక కవరు మూసి ఉంది, పేరు "గడియారం సెంటర్", వచ్చే ఆదివారం తెరవాలి, చిన్నమ్మ మాత్రం నన్ను చూసినప్పుడల్లా నవ్వుతోంది.